పొద్దుటి గొంతు ఎవరిది?

మా గూడేలకు రేడియో వచ్చాక చాలాకాలం అది మా మాట మాట్లాడలేదు. హైదరాబాదు మాట్లాడేది, ఢిల్లీ మాట్లాడేది, రాత్రిపూట గాలి అనుకూలిస్తే సిలోన్ మాట్లాడేది. మా పెద్దలు దాన్ని మర్యాదగానే వినేవాళ్లు, పట్నం నుంచి జీపులో దిగిన అధికారి చెప్పేది విన్నట్టు. 1986లో ఆదిలాబాదులో ఆకాశవాణి స్థానిక కేంద్రం మొదలైంది. తర్వాత ఆ పెట్టెలోంచి గోండి వినిపించింది. మాలో ఒకరి ఇంట్లో ముసలవ్వ ఆ గొంతుకు ఎదురు జవాబు చెప్పేది. 'అట్లనా బిడ్డా', 'మరి మా దిక్కు వాన పడలేదు' అనేది. అంతకుముందు రేడియోతో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. చిన్నప్పుడు అది చూసి నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఈ వ్యాసం రాయాలని ఎందుకు అనిపించిందో చెప్పాలి. మా పిల్లలు కొందరు హైదరాబాదు హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నారు. సెలవులకు వచ్చిన ఒక పిల్లవాడు, 'పాటల రేడియో అంటారు గానీ పొద్దున తొమ్మిది దాకా పాటే ఉండదు. ఒకాయన మాట్లాడతాడు, ఇంకొకామె నవ్వుతుంది, మధ్యలో ప్రకటనలు' అన్నాడు. ఎందుకలా అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. వెతికితే ఆ పద్ధతికి వేర్లు అమెరికాలో కనిపించాయి. వాటి వెంట పోతే మాలాంటి జనాల కథ కూడా అక్కడ ఎదురైంది.

అమెరికాలో పొద్దుటి రేడియో అంటే మొదటి నుంచీ పాటలే అనుకుంటే పొరపాటు. 1933లో షికాగో నుంచి డాన్ మెక్‌నీల్ అనే ఆయన 'బ్రేక్‌ఫాస్ట్ క్లబ్' అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. ఆ ఒక్క కార్యక్రమం దేశమంతటా అనేక కేంద్రాల్లో ఒకేసారి వినిపించేది. 1968 దాకా నడిచింది. అంటే ఒక నగరంలోని గొంతు దేశం మొత్తాన్ని నిద్ర లేపడం కొత్త సంగతేమీ కాదు. అయితే 1950ల్లో టెలివిజన్ వచ్చి, రేడియో నెట్‌వర్కుల దగ్గరున్న నాటకాలను, హాస్యాన్ని, నటులను, ప్రకటనల డబ్బును లాక్కుపోయింది. ఊళ్లలోని చిన్న కేంద్రాలు ఒంటరిగా మిగిలాయి. వాటి దగ్గర ఉన్నవి గ్రామఫోను రికార్డులు, ఒక మైకు, స్థానికంగా దొరికే ఒక మనిషి. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలో టాడ్ స్టోర్జ్ అనే యజమాని, జనం కోరే కొన్ని పాటలనే మళ్లీ మళ్లీ వేస్తే చాలని గ్రహించాడు. 'టాప్ 40' పద్ధతి అలా ప్రబలింది.

పాటకూ పాటకూ మధ్య ఆ స్థానిక మనిషి ఏం చెప్పేవాడు? టైము ఎంతయిందో చెప్పేవాడు. మంచు పడితే ఏ బడికి సెలవో, ఏ వంతెన మూసేశారో, చర్చిలో విందు ఎప్పుడో చెప్పేవాడు. సాయంత్రం అదే మనిషి అంగట్లో కూరగాయలు కొంటూ కనిపించేవాడు. తప్పు చెబితే అక్కడే నిలదీసేవాళ్లు. అమెరికా వాళ్లు ఇప్పటికీ తలుచుకునే స్థానిక రేడియో కాలం అదే. ఎవరో ఆదర్శంతో నిర్మించింది కాదు, టీవీ దెబ్బకు గత్యంతరం లేక పుట్టింది. అయినా మంచిదే పుట్టింది.

1970ల చివరికి ఎఫ్.ఎం. బాగా వ్యాపించింది. పాటల నాణ్యత పెరిగింది, పోటీ కూడా పెరిగింది. సలహాదారులు వచ్చి ఏ పాట వేయాలో లెక్క కట్టి జాబితాలిచ్చారు. దాంతో ఏ ఊరికి పోయినా అవే పాటలు. పైగా ఆ పాటలు క్యాసెట్టులో దొరుకుతాయి, పక్క స్టేషన్‌లోనూ దొరుకుతాయి. మరి ఈ స్టేషనే ఎందుకు వినాలి? యజమానులకు తోచిన జవాబు, మరెక్కడా దొరకని మనిషి. పొద్దున ఆరు నుంచి పది దాకా జనం కార్లలో పనికి పోతారు, ప్రకటనలకు అన్నిటికన్నా ఎక్కువ ధర పలికే వేళ అదే. ఆ వేళలో ముగ్గురు నలుగురు ఒక గదిలో కూచుని కబుర్లు, వెక్కిరింతలు, ఫోనులో ఆటపట్టించడాలు. 1980ల మొదట్లో ఫ్లోరిడాలోని టాంపాలో ఇలాంటి దానికి 'మార్నింగ్ జూ' అని పేరు పెట్టారు. పొద్దుటి జంతుశాల అన్నమాట. పేరు పెట్టింది కూడా వాళ్లే, మేం కాదు.

ఇక్కడిదాకా ఎంత గోల చేసినా ఆ మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడు. తర్వాతి అడుగులో ఆ సంబంధం తెగింది.

హోవార్డ్ స్టర్న్ న్యూయార్కులో ఒక రాక్ సంగీత కేంద్రంలో చేరి, 1986లో పొద్దుటి వేళకు మారాడు. అదే ఏడాది ఆగస్టులో అతని కార్యక్రమాన్ని ఫిలడెల్ఫియాలోని మరో రాక్ కేంద్రంలో కూడా వినిపించడం మొదలుపెట్టారు. తర్వాత వాషింగ్టన్, 1991లో లాస్ ఏంజిలెస్, ఇంకా ఎన్నో నగరాలు. అతని నోటి దురుసుకు ప్రభుత్వ నియంత్రణ సంస్థ జరిమానాలు వేస్తే, అతని కంపెనీ 1995లో 17 లక్షల డాలర్లు కట్టి ఆ గొడవ తీర్చుకుంది. అతను తెచ్చే ఆదాయం ముందు అది లెక్కలోది కాదు. రాక్ కేంద్రమని పేరు, పొద్దునంతా రాక్ పాట మాత్రం వినబడదు. ఇండియానాపొలిస్ నుంచి 'బాబ్ అండ్ టామ్' అనే జంట కూడా 1995లో ఇదే దారి పట్టింది.

దీన్ని అక్కడ సిండికేషన్ అంటారు. మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, ఒక చోట వండి వంద చోట్ల వడ్డించడం. ఊళ్లోని స్టేషన్ యజమానికి ఈ బేరం ఎంత తీపో చూడండి. చాలాసార్లు కార్యక్రమం దాదాపు ఉచితంగా వస్తుంది. బదులుగా గంటలో కొన్ని నిమిషాల ప్రకటన సమయాన్ని పంపినవాళ్లకు వదిలేయాలి. మిగతా నిమిషాలు తాను అమ్ముకోవచ్చు. స్థానిక మాటగాడి జీతం మిగులుతుంది, అతనికి సాయం చేసేవాడి జీతమూ మిగులుతుంది. ఉపగ్రహం ఉంది గనుక పంపడానికి పెద్ద ఖర్చు లేదు. నష్టం ఎవరిదంటే ఊరిది. ఊరు ఆ బేరంలో లేదు.

మాకు ఇక్కడ మా పర్ధాన్ల సంగతి గుర్తుకొస్తుంది. గోండుల నాలుగు సగల్లో ఏ సగకు ఆ సగ కథ వేరు. పర్ధాన్ కిక్రి పట్టుకుని తన దాతల ఇంటి ముందు కూచుని, వాళ్ల మూలపురుషుల కథ వాళ్లకే పాడతాడు. ఆ ఇంట్లో ఎవరు పుట్టారో ఎవరు పోయారో అతనికి తెలుసు. అతని పాటను ఇంకో ఇంటి ముందుకు మోసుకుపోతే అది వాళ్లకు సంబంధించినది కాదు. రేడియో పాటకు, పర్ధాన్ పాటకు పోలికేమిటని అడగవచ్చు. పోలిక పాటలో లేదు. పాడేవాడికి వినేవాడి గడప తెలిసి ఉండటంలో ఉంది.

అమెరికాలో ఆ గడపకు చట్టమే అడ్డు తీసింది. అంతకుముందు ఒక కంపెనీ దేశం మొత్తంలో ఎన్ని రేడియో కేంద్రాలు కలిగి ఉండవచ్చో పరిమితి ఉండేది. 1990ల మొదట్లో దాన్ని కొద్దికొద్దిగా సడలించి ఇరవై ఏ.ఎం., ఇరవై ఎఫ్.ఎం. దాకా తెచ్చారు. 1996 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు క్లింటన్ సంతకం పెట్టిన టెలికమ్యూనికేషన్ల చట్టం దేశవ్యాప్త పరిమితిని పూర్తిగా ఎత్తేసింది. పెద్ద నగరంలో ఒకే కంపెనీకి ఎనిమిది దాకా ఉండవచ్చని చెప్పింది. నలభై చిల్లర కేంద్రాలున్న క్లియర్ ఛానల్ అనే కంపెనీ కొన్నేళ్లలోనే పన్నెండు వందలు దాటింది. అప్పులు చేసి కొన్నారు, అప్పు తీర్చాలంటే ఖర్చు తగ్గాలి, ఖర్చు అంటే మనుషులు. మాటగాళ్ల గొంతును ముందే రికార్డు చేసి పెట్టే 'వాయిస్ ట్రాకింగ్' పద్ధతి అప్పుడు బాగా ప్రబలింది. ఎక్కడో ఉన్న మనిషి మన ఊరి వీధుల పేర్లు కాగితం చూసి చదువుతాడు, మన పక్కనే ఉన్నట్టు. నాలుగు గంటల కార్యక్రమానికి అతను మాట్లాడాల్సిన ముక్కలన్నీ గంటలోపే అయిపోతాయి.

ఇక్కడ ఒక తేదీ చెప్పకుండా ముందుకు పోలేం. నార్త్ డకోటా రాష్ట్రంలో మైనాట్ అనే పట్టణం. 2002 జనవరి 18, అర్ధరాత్రి దాటాక ఒంటి గంటన్నర వేళ. ఊరి శివారులో సరుకుల రైలు పట్టాలు తప్పింది. ట్యాంకర్లు పగిలి అమోనియా వాయువు మంచుపొగలా ఊరిమీదికి పాకింది. ఒకరు చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. ఆ పట్టణంలోని ఆరు వాణిజ్య రేడియో కేంద్రాలూ ఆ ఒక్క కంపెనీవే. పోలీసులు ఫోను చేస్తే ఎత్తేవాళ్లు దొరకలేదు. పోలీసులే అత్యవసర హెచ్చరిక యంత్రాన్ని సరిగా వాడలేదని, కేంద్రంలో మనిషి ఉన్నాడని తర్వాత కంపెనీ వాదించింది. ఆ వాదన ఇంకా తెగలేదు. మా దృష్టిలో యంత్రం తప్పా మనిషి తప్పా అన్నది చిన్న ప్రశ్న. చీకట్లో కళ్లు మండుతూ రేడియో తిప్పినవాళ్లకు తమ ఊరి సంగతి వినబడలేదు. ఆరు కేంద్రాలుండీ ఊరికి నోరు లేకపోయింది.

ఇంతవరకూ చదివి, దూరపు గొంతు అంటే చెడ్డది అని మేం తేల్చేశామనుకోవద్దు. టామ్ జాయినర్ అనే నల్లజాతి మాటగాడున్నాడు. 1985 నుంచి సుమారు ఎనిమిదేళ్లు రోజూ పొద్దున డల్లాస్‌లో ఒక కార్యక్రమం చేసి, విమానమెక్కి షికాగో పోయి మధ్యాహ్నం ఇంకొకటి చేసేవాడు. ఎగిరే మాటగాడని పేరొచ్చింది. 1994లో అతని పొద్దుటి కార్యక్రమం దేశమంతటా మొదలైంది, 2019 చివరి దాకా నడిచింది. ఊరూరా చెదిరి ఉన్న నల్లవాళ్లు ఒకే పొద్దున ఒకే మాట విన్నారు, ఓటరుగా నమోదు కావాలన్న పిలుపు విన్నారు, నల్లజాతి కళాశాలల విద్యార్థుల కోసం చందాలిచ్చారు. అలాగే లాస్ ఏంజిలెస్‌లో 'పియోలిన్' అనే పేరుతో స్పానిష్‌లో మాట్లాడే ఎడీ సొతెలో. అతను స్వయంగా సరిహద్దు దాటి వచ్చిన వలసకూలీ. 2006 మార్చిలో వలస వచ్చినవాళ్ల హక్కుల కోసం ఆ నగరంలో లక్షలమంది తెల్లదుస్తుల్లో నడిచారు, వాళ్లను కదిలించిన గొంతుల్లో అతనిదీ ఒకటి. పాటలు వేసే కేంద్రాల్లో పాటల స్థానంలోకి వచ్చిన మాటే ఇదీ. కాబట్టి పాట మంచిది, మాట చెడ్డది అని గీత గీయలేం. చెదిరిపోయిన జనానికి దూరపు గొంతు ఒక్కోసారి దగ్గరి చుట్టం.

కానీ ఒకటి గమనించాం. జాయినర్ కార్యక్రమం వచ్చిన చోట అక్కడి నల్లవాళ్ల స్థానిక పొద్దుటి మాటగాడికి కూడా ఆ వేళ పోయినట్టే. ఆ ఊరి మేయరు మీద ప్రశ్న అడగాలంటే అడిగే మనిషి డల్లాస్‌లో ఉన్నాడు.

ఇప్పుడు మావాళ్ల దగ్గరికి వస్తాం. అమెరికా ఆదివాసులను మావాళ్లంటే ఎవరూ తప్పు పట్టరనుకుంటాం. 1971లో అలాస్కాలోని బెథెల్‌లో యూపిక్ భాషలో కూడా మాట్లాడే కేంద్రం మొదలైంది. 1983లో సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో లకోటా ప్రజలు 'కిలీ' కేంద్రం పెట్టుకున్నారు. ఆ పేరుకు లకోటాలో 'భలే' అనే లాంటి అర్థముంది. లక్ష వాట్ల శక్తి దానిది. ఇక 1986, మళ్లీ అదే సంవత్సరం. అరిజోనాలోని విండో రాక్‌లో నవాహో జాతి తన సొంత కేంద్రం 'కె.టి.ఎన్.ఎన్.' మొదలుపెట్టింది. యాభై వేల వాట్ల ఏ.ఎం. కేంద్రం, రాత్రయితే పడమటి రాష్ట్రాల్లో చాలా దూరం వినిపిస్తుంది. న్యూయార్కు గొంతు ఫిలడెల్ఫియాలోకి ప్రవేశించిన ఏడాదే నవాహో గొంతు ఎడారి మీదికి లేచింది, ఆదిలాబాదులో మా కేంద్రమూ లేచింది. ఇవి ఒకదానికొకటి తెలియకుండా జరిగినవే. మేం మాత్రం ఆ మూడింటినీ పక్కపక్కనే పెట్టుకుని చూస్తున్నాం.

నవాహో కేంద్రంలో ఏం పాటలు వస్తాయో తెలుసా? ఎక్కువగా కంట్రీ సంగీతం, అంటే కౌబాయ్ పాటలు. సినిమాల్లో ఎవరిని ఎవరు తరిమారో తెలిసినవాళ్లకు ఇది నవ్వు తెప్పిస్తుంది. కానీ నవాహోలు గొర్రెలు, గుర్రాలు, పశువులతో బతికే జనం, ఆ పాటలు వాళ్లకు సొంతమయ్యాయి. పాటకూ పాటకూ మధ్య నవాహో భాషలో చావు కబురు వస్తుంది, సభ కబురు వస్తుంది, దారి మూసుకుపోయిన కబురు వస్తుంది. ఫుట్‌బాల్ ఆటల వ్యాఖ్యానం కూడా నవాహోలో చెప్పారు. దీన్ని చూశాక మాకు పాట ఎవరిదన్న ప్రశ్న కొంచెం వెనక్కి పోయింది. పరాయి పాటను కూడా సొంత నోటితో పరిచయం చేస్తే అది ఊళ్లో ఇముడుతుంది. సొంత పాటను కూడా పరాయి నోరు పరిచయం చేస్తే ప్రదర్శన అవుతుంది. ఏటా దండారి రోజుల్లో టీవీల్లో మా గుస్సాడీలను చూపించే తీరు తెలిసినవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

వాళ్లు సిండికేషన్‌ను కూడా వదల్లేదు. 1995 నుంచి 'నేటివ్ అమెరికా కాలింగ్' అని రోజూ గంటసేపు ఫోనులో మాట్లాడే కార్యక్రమం ఉపగ్రహం ద్వారా అనేక ఆదివాసీ కేంద్రాలకు వెళ్తోంది. ఒక తెగ కష్టం ఇంకో తెగ వింటుంది. అయితే అది రోజులో ఒక గంట. మిగతా వేళ స్థానిక గొంతుకు చోటుంది. ఈ కొలత మాకు బాగా నచ్చింది. 2010లో అమెరికా నియంత్రణ సంస్థ కొత్త లైసెన్సుల్లో తెగలకు ప్రాధాన్యం కూడా ఇచ్చింది. ఆ కేంద్రాల బతుకు సుఖంగా ఉందని మాత్రం చెప్పలేం. చాలావాటికి ప్రభుత్వ ప్రసార నిధే ఆధారంగా ఉండేది. 2025 జులైలో అక్కడి పార్లమెంటు ప్రజా ప్రసారాలకు రెండేళ్లకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను రద్దు చేసింది. ప్రకటనలిచ్చే అంగళ్లు లేని చోట ఆ నిధి లేకపోతే జనరేటరుకు డీజిలెవరు పోస్తారు?

మన దగ్గరికి వద్దాం. 1995 ఫిబ్రవరిలో మన సుప్రీంకోర్టు, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఏడాది తిరిగేసరికి అమెరికా తన పరిమితులు ఎత్తేసింది. మనం ఆ తీర్పు దారిలో కొంత, అమెరికా దారిలో కొంత నడిచాం. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలు వేలంపాటలో లైసెన్సు కొన్నాయి. కొన్న ధర రాబట్టాలి గదా. సొంత వార్తలు చెప్పడానికి వాటికి అనుమతి లేదు. ఊరి సమస్యను వార్తగా చెప్పలేని మాటగాడికి మిగిలింది నవ్వించడమే. 2011 విధానంలో ఒక కంపెనీ తన కేంద్రాలన్నిటినీ దేశమంతటా కలిపి ఒకే కార్యక్రమం నడపడానికి వీలిచ్చారు. అంతకుముందు ఆ వీలు ఒక ప్రాంతంలోని చిన్న నగరాలకే ఉండేది. హాస్టల్ పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఇక్కడ కొంత దొరుకుతుంది. పాట అతని ఫోనులో ఉంది, కాబట్టి స్టేషన్ అమ్మాల్సింది మనిషినే. ఆ మనిషిని ఎంత ఎక్కువ ఊళ్లకు పంచితే అంత లాభం.

రెండో దారి కూడా ఉంది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు సామాజిక రేడియో అనుమతి ఇచ్చారు. 2008లో జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరులో దళిత మహిళలు 'సంఘం రేడియో' మొదలుపెట్టారు. విత్తనాలు, రోగాలు, పాటలు, అన్నీ వాళ్ల యాసలోనే. 2010లో ఛత్తీస్‌గఢ్ వైపు 'సీజీనెట్ స్వర' వచ్చింది. రేడియో స్తంభమే లేకుండా, మామూలు ఫోనులో మాట రికార్డు చేసి ఫోనులోనే వినే పద్ధతి అది. గోండిలోనూ జనం మాట్లాడారు. అడవిలో స్తంభం వేయనివ్వకపోతే ఫోనే స్తంభమైంది.

మా ఆదిలాబాదు కేంద్రం గురించి చెప్పాలంటే మాకు మొహమాటం. అది మాకు ఇచ్చినది ఎక్కువ. ఒకప్పుడు ఉత్తరాలు రాసి పేర్లు చదివించుకున్నవాళ్లం. కానీ వారంలో కొద్దిసేపు గోండి వినిపించడం వేరు, పొద్దున లేవగానే గోండి వినిపించడం వేరు. పొద్దుటి వేళ ఏ రేడియోకైనా పెద్దపీట. ఆ పీట మీద మా భాష కూచోవాలని మేం అడుగుతున్నాం.

మొన్న దండారికి ముందు మా గూడెంలో డిగ్రీ చదివే ఆడపిల్ల ఒకతె తనంతట తాను ఒక పని మొదలుపెట్టింది. పొద్దున ఆరింటికి ఫోనులో గోండిలో రెండు నిమిషాలు రికార్డు చేసి చుట్టుపక్కల గూడేల గ్రూపుల్లో పెడుతోంది. బస్సు వస్తుందా రాదా, ఎవరి ఎద్దు తప్పిపోయింది, ఎక్కడ పెళ్లి మాటలు, ఏ వాగు పొంగింది. నాలుగు రోజులు విన్న తర్వాత ఒక పెద్దాయన ఆమెను ఆపి, 'అంతా మాటలేనా బిడ్డా, పాట ఏది?' అన్నాడు. ఐదో రోజు ఆమె రికార్డు చివర వాళ్ల మామ వాయించిన కిక్రి అర నిమిషం వినిపించింది. ముసలవ్వ ఇప్పుడు లేదు. ఉంటే ఆ ఫోనుకు కూడా జవాబు చెప్పేది.